సముద్రానికి పోయే సీసాలు

నా కళ్లు మంచివి కావని మా వీధిలో మొదట చెప్పింది మస్తానమ్మే. చాటుగా ఏమీ కాదు, నా మొహం మీదే చెప్పింది. పొద్దున్నే పాలప్యాకెట్టు చేత్తో పట్టుకుని నేను గేటు వేస్తుంటే, ప్రహరీ అవతలి నుంచి తల పైకెత్తి అంది.

"టీచరమ్మా, నువ్వు లేస్తానే మా గోరింటాకు చెట్టు పక్కే సూస్తాండావు. అది సూడు, ఎట్ల వాడిపోతాందో. రోంత ఆ పక్కకు సూడు తల్లీ."

నేను ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. నా చూపుకు జడిసి అల్లరి మానుకున్న పిల్లలు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. చెట్టు ఎండిపోయిందని మాత్రం అంతకుముందు ఎవరూ అనలేదు. నాకు ఒళ్లు మండింది. "నీ చెట్టు నా కంటికి ఆనితే కదా!" అని తలుపు వేసుకున్నాను. సాయంత్రం ఆమె గిన్నె నిండా బొరుగుల ఉగ్గాని చేసి పంపింది. ఉగ్గాని తిన్నాను, కోపం మాత్రం అట్టేపెట్టుకున్నాను.

అలాంటి మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే నాకు చేయి కదలడం కష్టమే. అయినా రాస్తున్నాను. ఆమె చేసిన పని తెలిస్తే మీరు కూడా ముక్కున వేలేసుకుంటారు.

మస్తానమ్మ పుట్టింది జమ్మలమడుగు పక్కన, పెన్న ఒడ్డు పల్లెలో. దూదేకుల వాళ్లు. ఎండాకాలం ఏరు ఎండిపోతే ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపడం ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. వానలు పడి ఏరు ఎర్రగా పారినప్పుడు ఆ నీళ్లే తెచ్చి, చిల్లగింజ రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి పెట్టేవాళ్లట. కాసేపటికి మడ్డి అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడేవి. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక, మొగుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధులన్నీ తిరిగితే ఆమె ఇంట్లో కూచుని పరుపులు కుట్టింది. మా ఇంట్లో పరుపులన్నీ ఆమె చేతివే. ఒక్కదానికి కూడా ఇంతవరకు కుట్టు ఊడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత మొగుడు పోయాడు, ఫోమ్ పరుపులు వచ్చాయి, విల్లు అటక మీదికి పోయింది. కూతురు పర్వీన్‌ను పులివెందులలో చీనీ, అదే బత్తాయి, తోటల వాళ్లకు ఇచ్చింది. కొడుకు హఫీజ్ కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో మిగిలింది ఆమె, కోడలు ఖమ్రున్నీసా.

నీళ్ల దగ్గర మస్తానమ్మకు మహా పట్టింపు. గుమ్మంలోకి ఎవరొచ్చినా, గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషైనా సరే, ముందు గ్లాసుడు నీళ్లు. ఇచ్చే ముందు గ్లాసును వెలుతురుకు పట్టి చూస్తుంది. నలుసు కనిపిస్తే ఆ గ్లాసు ఇవ్వదు. అన్నం పెట్టలేకపోతే ఎవరూ ఏమనుకోరట, మురికినీళ్లిస్తే మాత్రం ఊరూరా చెప్పుకుంటారట. మినరల్ వాటర్ క్యాన్లు వచ్చాక కూడా ఆమెకు వాటి మీద నమ్మకం కుదరలేదు. ఆ నీళ్లను కూడా పలచటి గుడ్డలో వడగట్టేది.

కోడలు ఖమ్రున్నీసా డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు ఇంట్లో ఏ మూల పడి ఉందో ఆ పిల్లకే తెలియలేదు. చీరలకు ఫాల్స్ కుడుతూ, కువైట్ నుంచి వచ్చే ఫోన్ల కోసం ఎదురుచూస్తూ ఉండేది. అలాంటిది ఒకరోజు మెడలో ఐడీ కార్డు వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ కార్డు మీద ఆమె ఫొటో, ఆమె పేరు. మొగుడి పేరు గానీ అత్త పేరు గానీ లేవు. దాన్ని నాకు ముందొకసారి, వెనకొకసారి తిప్పి చూపించింది.

"నీళ్లు పట్టే ఉద్యోగం టీచరమ్మా! మా ఆయన ఫోన్లో ఒగటే నవ్వుతాండాడు. నవ్వనీలే."

ఉద్యోగం సంగతి ఇది. మన పెన్న ఇక్కడి నుంచి పారి, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది కదా. ఆ సముద్రం మన ఒక్కరి సొత్తు కాదు. మన తీరం, ఒడిశా, బెంగాలు, బంగ్లాదేశ్, బర్మా, శ్రీలంక, అందరూ దాని ఒడ్డునే బతుకుతున్నారు. ఏ నది ఎంత మురికి మోసుకొచ్చి అందులో కలుపుతోందో ఎవరి నది లెక్క వాళ్లు తీసి, అందరూ ఒకచోట పెట్టుకుని చూసుకోవాలని ఒక పథకం. నెల్లూరు వైపు సముద్రం పక్కన వాళ్లకు ఒక ల్యాబు ఉంది. నది పొడవునా అక్కడక్కడ నీళ్లు పట్టి పంపేవాళ్లు కావాలి. జమ్మలమడుగు దగ్గర ఒకచోట, మా ఊరి వంతెన దగ్గర ఒకచోట పట్టడం ఖమ్రున్నీసా వంతు.

ప్రతి సోమవారం తెల్లవారే బస్సెక్కి జమ్మలమడుగు పోయేది. అక్కడ ఏట్లో దిగి సీసాలు నింపుకుని వచ్చి, మా వంతెన మీది నుంచి తాడు కట్టిన బకెట్టు వదిలి మళ్లీ నింపేది. మందపాటి తెల్ల ప్లాస్టిక్ సీసాలు, లోపలి నీళ్లు బయటికి కనపడవు. వాటిని ఐసు వేసిన థర్మకోల్ పెట్టెలో సర్దుకుని ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. స్నానం, నమాజు, భోజనం, ఒక కునుకు. సాయంత్రం నెల్లూరు బస్సులో పెట్టె ఎక్కించి వచ్చేది. ఆ పిల్ల నడకే మారిపోయింది. మార్కెట్లో ఎవరైనా "నీళ్ల మేడమ్" అంటే తల తిప్పకుండా నవ్వుకుంటూ పోయేది. నాకు ముచ్చటేసేది.

కొత్తలో ఒకసారి మస్తానమ్మ అడిగింది, ఈ నీళ్లతో వాళ్లు ఏం చేస్తారని. నేనూ అక్కడే ఉన్నాను.

"మన ఏటి నీళ్లు ఎట్లుండాయో సూస్తారత్తా," అంది ఖమ్రున్నీసా. "మనోళ్లు మాత్రమే కాదు, సముద్రం సుట్టూ ఉండే దేశాలోళ్లందరూ సూస్తారు."

"అంతమంది సూస్తారా?" అంది మస్తానమ్మ. తలకొంగు సర్దుకుని వంటింట్లోకి పోయింది.

అంతా సజావుగా నడుస్తోందనుకున్నాం. వానలు పడ్డాయి, పైన మైలవరం నుంచి నీళ్లు వదిలారు, పెన్న ఎర్రగా, నురగలు కక్కుకుంటూ పారింది. అప్పుడొచ్చింది ఫోను. ఖమ్రున్నీసా పరుగున మా ఇంటికొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"టీచరమ్మా, నేను మోసం చేస్తాండానంట."

మంచినీళ్లు తాగించి, మెల్లగా అడిగితే చెప్పింది. ఆమె పంపిన సీసాలన్నీ తేటగా ఉన్నాయట. జమ్మలమడుగువీ, మా ఊరివీ ఒక్కలాగే, అద్దంలా ఉన్నాయట. మామూలు రోజుల్లో ఏదో అనుకున్నారు. ఏరు ఉరకలేస్తున్న వారం కూడా మడ్డి చుక్క లేని నీళ్లు వచ్చేసరికి ల్యాబు వాళ్లకు అనుమానం వచ్చింది. ఈ అమ్మాయి ఏటికే పోవడం లేదు, ఇంట్లో క్యాను వంచి సీసాలు నింపుతోంది అనుకున్నారు. వచ్చే సోమవారం నీరజ అనే ఆఫీసరమ్మ స్వయంగా వస్తోంది. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. మా ఊరి దగ్గర నీళ్లు పట్టడమే మానేస్తారు.

"ఉద్యోగం పోతే పోనీ టీచరమ్మా. దొంగ అనిపించుకుని పోవాల్నా? నేను బురదలో దిగి నీళ్లు పడతాండా. ఆ సీసాల్లోకి తేటనీళ్లు యాడి నుంచి వస్తాండాయి?"

నాకూ అంతు పట్టలేదు. ల్యాబులోనే ఎవరో సీసాలు తారుమారు చేసి ఉంటారని నా మనసుకు తోచింది, ఆ మాటే గట్టిగా చెప్పాను. నాకు తోచింది నేను గట్టిగా చెప్పడం కొత్త కాదు. అత్తకు మాత్రం ఏమీ చెప్పొద్దంది ఖమ్రున్నీసా. ఆమెకు బీపీ. పైగా కోడలి మీద ఎవరైనా నింద వేస్తే నెల్లూరు దాకా నడిచిపోయి పోట్లాడే రకం.

సోమవారం నీరజ వచ్చింది. ముప్ఫై ఏళ్ల లోపు పిల్ల, కాటన్ చుడీదారు, భుజాన బ్యాగు. మాట మెత్తగానే ఉంది గానీ మొహంలో నవ్వు లేదు. ఖమ్రున్నీసా తోడు రమ్మంటే నేనూ వంతెన దగ్గరికి పోయాను. బకెట్టు కిందికి పోయింది, పైకి వచ్చింది. నీరజ తన బ్యాగులోంచి గాజు సీసా తీసి అందులో పోయించుకుని ఎండకు పట్టింది. డికాషన్‌లో సబ్బునీళ్లు కలిపినట్టుంది. పక్కనున్న నేను ముక్కు మూసుకున్నాను. మా ఊరి కాలవలన్నీ దూకే ఏరు అది, అందులో రంగుల షెడ్ల నీళ్లు కూడా కలుస్తాయి. రోజూ వంతెన మీద పోతూ వస్తూ ఉంటాం, ఎన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు.

ఖమ్రున్నీసా మొహం వెలిగింది. "సూడండి మేడం! నేను పట్టేది ఈ నీళ్లే!"

"చూశాను," అంది నీరజ. "అదే నా బాధ. నేను నిలబడి చూస్తే ఈ రంగు. నేను చూడనప్పుడు తేటనీళ్లు. ఇన్ని నెలలు మీరు పంపింది ఈ ఏటి నీళ్లు కాదని ఇప్పుడు రుజువైపోయింది కదండీ."

మురికినీళ్లు దొరికితే గండం గడుస్తుందనుకున్నాం. ఆ మురికే పిల్ల పీకల మీదికి వచ్చింది. ఆటోలో ఇంటికి బయల్దేరాం. ఖమ్రున్నీసా పెట్టెను ఒళ్లో పెట్టుకుని, మెడలో కార్డును పిడికిట్లో పట్టుకుని కూచుంది.

ఇంటికి రాగానే మస్తానమ్మ ఎదురొచ్చింది. విషయం ఏమీ తెలియదు కదా, పై ఊరి నుంచి ఆఫీసరమ్మ వచ్చిందని మురిసిపోయింది. పులివెందుల నుంచి పర్వీన్ పంపిన చీనీకాయలు అప్పటికే పిండి రసం తీసి పెట్టింది. వెలుతురుకు పట్టి చూసి మరీ గ్లాసు ఇచ్చింది. నీరజ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది.

ముందు గదిలో ముగ్గురం కూచున్నాం. నీరజ గొంతు తగ్గించి చెప్పింది. "రేపు ఆఫీసులో రాసివ్వక తప్పదండీ. ఈ చోటు తీసేస్తారు, మీ పేరూ తీసేస్తారు. వ్యక్తిగతంగా నాకు మీ మీద కోపం లేదు. కానీ ఒక నది లెక్క అబద్ధమైతే, సముద్రం లెక్కంతా అబద్ధమవుతుంది. ఒక్క నిమిషం నిజం చెప్పండి, ఆ నీళ్లు ఎక్కడివి?"

ఖమ్రున్నీసా తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నా పద్ధతిలో ల్యాబు వాళ్లను నాలుగు దులపబోయాను. నీరజ వినిపించుకోలేదు, సీసాలకు తన చేత్తోనే సీలు వేసి వెంట తీసుకుపోతానని లేచింది. గుమ్మం పక్కన పెట్టెలో చూస్తే ఐసు ఉంది, సీసాలు లేవు.

"సీసాలేవి?" అంది నీరజ. ఈసారి గొంతు మెత్తగా లేదు.

వెనక పెరట్లో గిన్నెలు తగిలిన చప్పుడైంది. ముగ్గురం అటు పోయాం. మస్తానమ్మ ముక్కాలిపీట మీద కూచుని ఉంది. ముందు రెండు ఇత్తడి చెంబుల నిండా ఎర్రటి నీళ్లు. మూతలు తీసిన మా తెల్లసీసాలు పక్కన బోర్లించి ఉన్నాయి. ఆమె రాతి మీద చిల్లగింజ అరగదీస్తోంది.

మమ్మల్ని చూసి ఏమాత్రం తడబడలేదు. "ఇంగ రోంతసేపే పాపా. ఈ తూరి మడ్డి శానా ఉండాది. తేరినాక గుడ్డలో వడగట్టి పోసిస్తా. బస్సుకు టైం ఉండాది లే."

ఖమ్రున్నీసా ఒక్క అంగలో పీట దగ్గరికి పోయింది. "అత్తా! ఏం చేస్తాండావు నువ్వు?"

"ఏం చేస్తాండానా? వారం వారం చేసేదే. నువ్వు కునుకు తీస్తావు, నేను ఈ పని చేసుకుంటా. నీకు పెద్దపని గదా, ఇదన్నా నేను చూసుకుందామని." మళ్లీ నీరజ వైపు తిరిగింది. "దేశాలన్నీ సూస్తాయంట గదమ్మా. పెండ్లిసూపులకు పిల్లను మొగం కడగకుండా కూసోబెడ్తామా? మన ఊరి నీళ్లు సూసి నలుగురూ మెచ్చుకోవాల్నా లేదా?"

నీరజ ఆ పెరటి గడప మీద అలాగే కూలబడింది. కాసేపు ఆమె భుజాలు కదలడమే కనిపించింది. ఏడుస్తోందేమోనని నేను వంగి చూశాను. పడీపడీ నవ్వుతోంది. ఆమెను చూసి ఖమ్రున్నీసా ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. "ల్యాబులో మేమందరం తలలు బద్దలు కొట్టుకున్నాం," అంది నీరజ కళ్లు తుడుచుకుంటూ. "మా సార్ ఆ నీళ్ల మీద చర్చ పెట్టారండీ!"

మస్తానమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. కోడలి చేయి పట్టుకుని కూచోబెట్టుకుని, అసలు సంగతి చెప్పించుకుంది. దొంగ అన్న మాట వచ్చేసరికి ఆమె చేతిలోని చిల్లగింజ కింద పడింది.

"నా కోడల్ని దొంగ అన్నారా? నా వల్లనా?" ఆమె లేచి నీరజ ముందుకు వచ్చి నిలబడింది. "రాయమ్మా. నా పేరు రాయి. పరుపుల మస్తానమ్మ అని రాయి, ఎవరైనా సెప్తారు. ఆ పిల్లకు ఏం తెలీదు."

"రాస్తానమ్మా, తప్పకుండా రాస్తాను. కానీ మీరు చెప్పారని రాస్తే పైవాళ్లు నమ్మాలి కదా. కోడల్ని కాపాడుకోవడానికి చెప్పారంటారు." నీరజ చెంబుల వైపు చూసింది. "అడుగున దిగిన ఆ మడ్డిని ఏం చేస్తారు మీరు?"

"యాడ పారేస్తా? ఏటి వండ్రు గదా, సారం ఉంటాది. ఆ గోరింటాకు చెట్టుకు పోస్తాండా."

ముగ్గురం ఒక్కసారే గోరింటాకు చెట్టు వైపు తిరిగాం. పాత పెయింటు డబ్బాలో నిలబడి ఉంది పాపం, ఆకులన్నీ పసుప్పచ్చబడి, కొమ్మల చివర్లు మాడిపోయి. మట్టి పైన నల్లగా, అక్కడక్కడ నీలంగా ఒక పొర గట్టిపడి ఉంది. అప్పుడు నేను ఊరుకున్నానా అంటే, ఊరుకోలేదు.

"చూశావా మస్తానమ్మా! చెట్టు ఎండిపోయింది నా కళ్ల వల్ల కాదు, నీ చేతి వల్ల!"

"ఆ, తెలిసె లే," అంది మస్తానమ్మ. "నువ్వు ఇప్పుడే చెప్పాల్నా అది?"

నిజమే, ఆ సమయంలో అనవలసిన మాట కాదు. కానీ ఎన్ని నెలలుగా మోస్తున్నానో నాకు తెలుసు.

నీరజ డబ్బాలో మట్టిని పైనుంచి కిందికి చిన్న చిన్న సంచుల్లోకి తీసుకుంది. నెలల తరబడి సీసాల్లోంచి తీసేసిన మురికి ఇక్కడ ఉన్నట్టు తేలితే, సీసాల్లో అది ఎందుకు లేదో పైవాళ్లకు తెలుస్తుందని చెప్పింది. ఆమె మూటలు కడుతుంటే మస్తానమ్మ దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"పాపా, నేను వారానికి రెండు చెంబులు తేరుస్తాండా. మిగిలిన ఏరంతా ఎవరు తేరుస్తారు?"

"ఎవరూ లేరమ్మా. ఆ నీళ్లు అట్లాగే సముద్రంలోకి పోతాయి."

"అట్లాగేనా? ఈ మడ్డితోనే?"

"ఈ మడ్డితోనే."

"సముద్రం అవతల గట్టున మనుషులుంటారా?"

"ఉంటారమ్మా. మనలాగే చేపలు పట్టుకునేవాళ్లు, పిల్లాజెల్లా ఉన్నవాళ్లు."

మస్తానమ్మ మళ్లీ పీట దగ్గరికి పోయింది. చెంబుల్లోని నీళ్లను తన చేత్తోనే, మడ్డితో సహా, మళ్లీ సీసాల్లో పోయబోయింది. అవి ఇక పనికిరావని చెప్పి నీరజ ఖమ్రున్నీసాను వెంటబెట్టుకుని మళ్లీ వంతెనకు పోయింది. మస్తానమ్మ మాత్రం పెరట్లో అంట్లు కడిగే జాలారి బండ మీద కూచుండిపోయింది. గిన్నెలు తోమిన నీళ్లు తూములోంచి వీధి కాలవలోకి పోతుంటే అటే చూస్తూ ఉంది. నీరజ అన్న మాట నాకు కూడా లోపల ఎక్కడో తగిలింది. ఇంటికి పోయి మా జాలారి తూము ఎటు పోతుందో చూశాను. అదీ అటే పోతుంది.

జవాబు వచ్చేదాకా మస్తానమ్మ సరిగా తినలేదు. కోడలు ఎంత బుజ్జగించినా, "నీ మెడలో కార్డు ఊడిపోతే నా మొగం ఎట్ల సూపీయాల?" అనేది. కువైట్ నుంచి హఫీజ్ ఫోన్ చేసి నవ్వితే వాడినీ తిట్టింది. ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు నవ్వావు, పోయేటప్పుడూ నవ్వుతున్నావా అని. వాడు అప్పటి నుంచి ఆ ఉద్యోగం మీద ఒక్క పరాచికం ఆడలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం నీరజే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టించుకుని అందరం విన్నాం. డబ్బాలోని మట్టిలో లేనిది లేదట. బట్టలకు వేసే రంగులున్నాయి, లోహాలున్నాయి, మురుగు ఉంది. అన్నీ ఈ ఏటి మడ్డి వెంట వచ్చినవేనని తేలింది. పాత సీసాల లెక్కలు కొట్టేశారు. చోటు ఉంటుంది, ఖమ్రున్నీసా ఉంటుంది. ఇకమీదట వంతెన దగ్గరే సీసా మూతలకు సీలు వేయాలి. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నీరజ గొంతులో నవ్వు దాగలేదు.

ఖమ్రున్నీసా అత్తను కావలించుకుంది. మస్తానమ్మ వీధిలో అందరికీ సేమ్యా పాయసం పంచింది. ఎందుకని అడిగినవాళ్లకు "మా మురికి మురికే అని తేలింది, తినండి" అని చెప్పింది. మా వీధిలో మురికికి పాయసం పంచడం అదే మొదలు.

ఇక్కడితో ఆమె ఊరుకుని ఉంటే కథ అయిపోయేది. కానీ ఆ తర్వాతి సోమవారం కోడలిని ఒక్క సీసా ఎక్కువ పట్టుకురమ్మంది. సీలు వేసినవాటి జోలికి పోలేదు. ఈ సీసాను మాత్రం కొంగుచాటున పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"రా టీచరమ్మా, కౌన్సిలర్ ఇంటికి పోదాం. నాకు ఆఫీసు తెలుగు రాదు. నేను తప్పు మాట్లాడితే నువ్వు సర్దు."

కౌన్సిలర్ వీరభద్రయ్య ఇల్లు మా వెనక వీధిలోనే. మంచి మనిషే, ఎవరు ఏ పని అడిగినా చూద్దాం అంటాడు. కాలవల సంగతి కూడా చాలా కాలంగా చూద్దాం అంటూనే ఉన్నాడు. మేము పోయేసరికి వరండాలో చుట్టాలు కూచుని కాఫీలు తాగుతున్నారు. బళ్లారి నుంచి వచ్చిన వియ్యాలవారట. నేను వెనక్కి తిరగబోయాను. మస్తానమ్మ తిరగలేదు. వాళ్లమ్మాయిని అడిగి గాజుగ్లాసు తెప్పించుకుని, సీసా మూత తీసి, ఏటి నీళ్లు నిండా పోసి, కాఫీ కప్పుల మధ్యలో టీపాయ్ మీద పెట్టింది. వాసనకు ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వీరభద్రయ్య మొహం మాడిపోయింది. "ఏంది మస్తానమ్మా ఇది? సుట్టాలు కూసోనుంటే? తియ్ తియ్, లోపలికి ఎత్తుకపో!"

"సుట్టాల ముందర పెట్టేకి సిగ్గయితాంది గదప్పా?" అంది మస్తానమ్మ నెమ్మదిగా. "నాకూ అట్లే సిగ్గయి, ఇన్నాళ్లూ తేర్చి పంపించినా. ఇంటికొచ్చినోళ్లు పదిమంది. సముద్రం గట్టున ఉండేటోళ్లు ఎంతమందో లెక్క లేదు. వాళ్లకు మన ఊరు రోజూ ఇచ్చే నీళ్లు ఇవే."

వరండాలో ఎవరూ కాఫీ కప్పు ఎత్తలేదు. సర్దడానికి నన్ను పిలిచింది గానీ, సర్దవలసిన మాట ఒక్కటీ అందులో లేదు. ఆ క్షణంలో ఆమె మీద నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

వీరభద్రయ్య చుట్టాల వైపు ఒకసారి చూసి, తనే లేచి గ్లాసు ఎత్తుకుని మెట్లు దిగాడు. గేటు ముందున్న కాలవలో వంచబోయాడు.

"యాడ పోస్తాండావప్పా?" అని అడిగింది మస్తానమ్మ.

ఆయన చేయి ఆగిపోయింది. కాలవ వైపు చూశాడు, అది పోయే ఏటి వైపు చూశాడు. చుట్టాలందరూ చూస్తుండగా, నిండు గ్లాసు చేత్తో పట్టుకుని గేటు దగ్గర అలాగే నిలబడిపోయాడు.